దేవుడి ఊసెత్తకుండా అబార్షన్ వద్దనొచ్చా?

ప్రశ్న: మేడమ్, నాకు దేవుడి మీద నమ్మకం లేదు. కానీ అబార్షన్ ఎందుకో తప్పనిపిస్తుంది. ఆ మాటంటే ఫ్రెండ్స్ "నీలో భక్తి ఇంకా చావలేదు" అని ఆటపట్టిస్తున్నారు. మతం లేకపోతే ఈ మాట అనకూడదా?

జవాబు: భేషుగ్గా అనొచ్చు, మీకంటే ముందే అన్నవాళ్ళున్నారు. అమెరికాలో నాట్ హెంటాఫ్ అని ఓ జర్నలిస్ట్, పక్కా నాస్తికుడు, వాక్‌స్వాతంత్ర్యం కోసం జీవితమంతా కొట్లాడిన మనిషి. 1983లో అక్కడ లాంగ్ ఐలాండ్‌లో వెన్నెముక లోపంతో ఒక పాప పుడితే తల్లిదండ్రులు ఆపరేషన్ వద్దన్నారు, ఈయనేమో దాని గురించి రాస్తానంటే ఆయనలాగే పౌరహక్కుల కోసం పోరాడేవాళ్ళే "లేటుగా జరిగిన అబార్షన్ అనుకోరాదూ" అన్నారట. ఆ మాట ఆయన్ని పట్టేసింది. పుట్టిన పిల్లనే అలా అనుకోగలిగితే ఇక గీత ఎక్కడ గీస్తాం అని ఆలోచిస్తూ పోయి అబార్షన్ వ్యతిరేకిగా తేలాడు. ఆఫీసులో కొందరు మాట్లాడటం మానేశారు. 2017లో పోయేదాకా దేవుణ్ణి మాత్రం నమ్మలేదు. మతం ఊసు లేకుండా అబార్షన్‌ని వ్యతిరేకించడానికి 2009 నుంచి సెక్యులర్ ప్రో-లైఫ్ అని ఒక సంస్థే ఉంది.

మతం లేకుండా వాదించేటప్పుడు సాధారణంగా అందరూ మనిషికుండే 46 క్రోమోజోముల దగ్గర మొదలెడతారు, అండం ఫలదీకరణ అయినప్పటి నుంచే కొత్త ప్రాణి అని. అది నిజమే గానీ దానికి హక్కులున్నాయా లేవా అన్నది మైక్రోస్కోపులో కనపడదు కదండీ. నాకు గట్టిగా అనిపించేది డాన్ మార్క్విస్ అనే ఫిలాసఫర్ 1989లో చెప్పింది. మనల్ని చంపడం తప్పెందుకంటే మన ముందున్న బతుకంతా, పనులు, స్నేహాలు, సంతోషాలు అన్నీ లాగేసుకున్నట్టే కాబట్టి, మరి కడుపులో ఉన్నదానికీ అదే బతుకు ముందుంది కదా అంటాడు. ఆత్మ గీత్మ ఏమీ అక్కర్లేదు.

కానీ మీ ఫ్రెండ్స్‌లో చదువుకున్నవాళ్ళుంటే అబార్షన్ హక్కుని సమర్థించిన ఫిలాసఫర్ జూడిత్ థామ్సన్‌ని తెస్తారు. 1971లో ఆవిడ అడిగింది, నిద్ర లేచేసరికి ఎవరో వయొలినిస్ట్‌ని మీ కిడ్నీలకి కలిపేసి, విడదీస్తే అతను చచ్చిపోతాడు, తొమ్మిది నెలలు ఇలాగే పడుండు అంటే ఉంటావా అని. అతనికి బతికే హక్కున్నా మీ ఒంటిని వాడుకునే హక్కు లేదు, కడుపులో ఉన్నదానికీ అంతే అని ఆవిడ వాదన. పరాయివాడు వేరు కన్నబిడ్డ వేరు, కన్నవాళ్ళకి బాధ్యతుంటుంది అని మీరు అనొచ్చు, చాలా కేసుల్లో అది నిలుస్తుందనే నా లెక్క. రేప్ వల్ల వచ్చిన కడుపు దగ్గర మాత్రం నిలవదు, అక్కడ నాకూ తెగట్లేదు.