ఎందరిలో ఎందరు?

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొన్న విజయవాడ వచ్చి తిరిగి వెళ్తూ బస్సులో ఒకసారి, ఇంటికి చేరాక ఎర్ర సిరా పెన్ను పట్టుకుని మరోసారి చదివాను. పెద్దపేగు క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్ల మీద ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు పద్నాలుగు పేజీలు రాశాడంటే ముచ్చటేసింది. నీ ఈడులో నేను వెన్నెల మీద రాసేవాణ్ణి. అయితే ముచ్చట వేరు, వ్యాసం వేరు. మొదటి వాక్యంలోనే "వైద్యశాస్త్రం సాధించిన అద్భుతం" అన్నావు. ఆ "అద్భుతం" మొత్తం పదకొండుసార్లు వచ్చింది. పదకొండూ కొట్టేశాను. వ్యాసానికి ఏమీ కాలేదు, చూసుకో.

నన్ను మాస్టారూ అన్నావు. నేను బడిపంతులును కాను. ముప్పై ఏళ్లు ఆరోగ్యం పేజీకి రాసి, అందులో తప్పులు కూడా చేసినవాణ్ణి. ఒక తప్పు సంగతి కింద చెబుతాను.

ముందు మాటల సంగతి. "పురీషనాళ అర్బుదం" అని రాశావు, పెద్దపేగు చివరి భాగంలో వచ్చే క్యాన్సర్ అని చెప్పడానికి. పరీక్ష రాసేవాడికి పనికొస్తుంది. మా ఊళ్లో ఆ జబ్బుకు మొదటి పేరు "మొలలు", రెండో పేరు "వేడి". నేరం మోయడానికి మిరపకాయ ఎలాగూ ఉంది. నెత్తురు పడగానే నిన్నటి పచ్చడి మీదికి నెట్టేస్తారు. కొన్నాళ్లు మజ్జిగ, కొన్నాళ్లు సబ్జా గింజలు, ఆ తర్వాత కోత లేకుండా మొలలు నయం చేస్తామని గోడ మీద రాసుకున్నవాడి దగ్గరికి. ఆరు నెలలు ఇట్టే గడుస్తాయి. మొలలు ఉన్నవాడికి క్యాన్సర్ రాకూడదన్న నియమం ఏదీ లేదు. ఈ ముక్క నీ వ్యాసంలో ఎక్కడా లేదు. పైగా నువ్వు కూడా మిరపకాయనే బోనులో నిలబెట్టి, ఆధారం మాత్రం చూపలేదు. అదీ కొట్టేశాను. పొగాకు, మద్యం, స్థూలకాయం, నిల్వ చేసిన మాంసం గురించి రాసింది ఉండనీ.

ఇంకొకటి. గడ్డ పేగుకు కుడివైపున ఉంటే నెత్తురు కంటికి కనబడకపోవచ్చు. కొద్దికొద్దిగా కారిపోతుంది. మనిషి పాలిపోతాడు, రెండు మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లో నీరసం అంటారు, ఐరన్ మాత్రలు తెస్తారు. యాభై దాటిన మనిషికి రక్తం ఎందుకు తగ్గిందో తేల్చుకోకుండా మాత్రలతో సరిపెట్టకూడదని ఒక్క వాక్యం రాయి. ఆపరేషన్ చేసే రోబో చేతుల మీద నువ్వు రాసిన రెండు పేరాల కన్నా అది ఎక్కువమందికి అక్కరకొస్తుంది. యాభై దాటినవారు అన్నానని చిన్నవాళ్లను వదిలేయకు. మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాలంత ఎక్కువ కాదు గానీ, వచ్చినవాళ్లలో చిన్న వయసువాళ్లు తక్కువేమీ కాదు.

జనం కొలనోస్కోపీని కెమెరా పరీక్ష అంటారు, బయాప్సీని ముక్క పరీక్ష అంటారు, రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. మొదటిసారి ఆ మాటే రాసి, పక్కన డాక్టరు మాట పెట్టు. తర్వాత నీ ఇష్టం.

ఇక అసలు సంగతి. ఈ ఆపరేషన్ల చరిత్రను నువ్వు విజయయాత్రలా రాశావు. నాకైతే అది ఓటమిని దాచుకోని మనుషుల కథలా కనిపిస్తుంది. లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ అనే సర్జన్ ఉండేవాడు. పురీషనాళంలో గడ్డను ఆ రోజుల్లో కింది వైపు నుంచే తీసేవారు. ఆయన అలా 57 మందికి చేశాడు. 54 మందికి జబ్బు తిరిగి వచ్చింది. ఇంకొకడైతే ఆ ముగ్గురి గురించి గొప్పగా చెప్పుకుని బతికేసేవాడు. ఈయన చనిపోయినవారి శరీరాలు పరీక్షించి, జబ్బు ఎక్కడ మళ్లీ మొలిచిందో చూశాడు. తాను కింది నుంచి అందుకోలేని పైభాగంలో, క్యాన్సర్ పాకిపోయే లింఫ్ గ్రంథుల దారిలో మొలిచింది. అందుకే పొట్ట వైపు నుంచీ, కింది నుంచీ కలిపి తీసే ఆపరేషన్‌ను 1908లో ప్రచురించాడు. అది భయంకరమైన ఆపరేషన్. మొదట్లో చాలామంది దానివల్లే పోయారు. బతికినవారికి జీవితాంతం పొట్ట మీద, మలం పడడానికి, సంచి. నువ్వు మైల్స్‌ను ఒక్క వాక్యంలో "పితామహుడు" అని దాటేశావు. ఆ 57లో 54 అన్న లెక్క రాసి ఉంటే పితామహుడు అనే పని ఉండేది కాదు.

తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా గడిచినా కటి భాగంలో జబ్బు తిరగబెడుతూనే ఉంది. ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ అనే మామూలు ఊళ్లో హీల్డ్ అనే సర్జన్ 1982లో ఒక మాట చెప్పాడు. పురీషనాళం చుట్టూ కొవ్వుతో ఒక పొట్లం ఉంటుంది, క్యాన్సర్ రవ్వలు ముందుగా పాకేది అందులోకే, కాబట్టి పొట్లాన్ని చిరగకుండా మొత్తంగా తీయాలి అన్నాడు. అరటాకులో కట్టిన పులిహోర పొట్లాన్ని సంచిలోంచి తీయడం లాంటిదే. తొందరపడి లాగితే ఆకు చిరుగుతుంది, మెతుకులు సంచిలో మిగిలిపోతాయి. అంతకుముందు సర్జన్లు చాలామంది చెయ్యి లోపలికి పెట్టి, కంటికి కనబడని చోట తడుముతూ ఊడదీసేవారు. పొట్లానికీ గోడకూ మధ్య సాలెగూడు లాంటి పల్చటి పొర ఉంటుంది, నెత్తుటి నాళాలు పెద్దగా ఉండవు. ఆ పొర వెంట, కళ్లతో చూస్తూ, కోసుకుంటూ పోవాలన్నాడు హీల్డ్. కొత్త మందు కాదు, కొత్త యంత్రం కాదు. చూసి కోయడం. ఇలా నేర్చుకున్నచోటల్లా తిరగబెట్టడం బాగా తగ్గింది. నీ వ్యాసంలో ఇది ఆరో పేజీ అడుగున, సగం వాక్యంలో ఉంది. పైకి తీసుకురా. కుదిరితే ఎవరైనా సర్జన్‌ను అడిగి, తీసిన పొట్లాన్ని, దాన్ని పరీక్షించే పేథాలజీ గదిలో చూడు. దాన్ని చూడకుండా రాస్తే నా పులిహోరనే నువ్వూ ఎత్తుకోవాలి.

నెదర్లండ్స్‌లో ఈ పద్ధతికి రేడియేషన్ కూడా తోడైతే ఏమవుతుందో చూశారు. 1,861 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆపరేషన్ మాత్రమే, రెండో గుంపుకు ముందు అయిదు రోజులు కరెంటు, ఆ తర్వాత ఆపరేషన్. 2001లో వచ్చిన ఫలితం ప్రకారం, రెండేళ్లలో అదే చోట జబ్బు తిరిగి వచ్చింది మొదటి గుంపులో నూటికి 8.2 మందికి, రెండో గుంపులో 2.4 మందికి. ఇంతవరకు నువ్వు సరిగ్గానే రాశావు. అదే పత్రంలో ఇంకో అంకె ఉంది: రెండేళ్లకు బతికి ఉన్నవారు రెండు గుంపుల్లోనూ నూటికి సుమారు 82 మందే. దీన్ని ఎందుకు వదిలేశావు? కథకు అడ్డొచ్చిందనా? అడ్డొచ్చిన అంకెను వదిలేస్తే అది ప్రకటన అవుతుంది, వ్యాసం కాదు. ఆ చోట జబ్బు తిరగబెడితే పడే బాధ మామూలు బాధ కాదు, అది తప్పడమే పెద్ద మేలు. అలాగని ఆయుష్షు పెరిగిందని రాయకూడదు. రెండూ పక్కపక్కన రాయి. పాఠకుడు తట్టుకుంటాడు.

ఇప్పుడు నా తప్పు. 2022 జూన్‌లో న్యూయార్క్ నుంచి ఒక వార్త వచ్చింది. పురీషనాళ క్యాన్సర్ ఉన్న 12 మందికి డోస్టార్లిమాబ్ అనే మందును మూడు వారాలకోసారి చొప్పున ఆరు నెలలు ఇచ్చారు. పన్నెండుగురిలోనూ గడ్డ కనబడకుండా పోయింది. నేను "కత్తి లేకుండా క్యాన్సర్ మాయం" అని శీర్షిక పెట్టాను. ఆ 12 మందిదీ ప్రత్యేకమైన గడ్డ అనీ, కణంలో డీఎన్‌ఏ తప్పులు దిద్దే ఏర్పాటు చెడిపోయిన రకమనీ, ఈ క్యాన్సర్లలో అది కొద్దిమందికే ఉంటుందనీ చివరి పేరాలో రాశాను. చివరి పేరా చదివేదెవరు? రెండు నెలల తర్వాత మిర్చి యార్డులో గుమస్తా ఒకాయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆపరేషన్ తేదీ వాయిదా వేసుకున్నాడట. ఆ మందు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆయన గడ్డ ఆ రకం కాదని ముక్క పరీక్ష కాగితంలోనే ఉంది. నేను మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాను తప్ప, ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. తర్వాత ఆపరేషన్ అయింది, మనిషి ఉన్నాడు. ఆ రెండు నెలలు మాత్రం నా ఖాతాలోవే.

మందు మంచిదే. 2025లో అదే బృందం చికిత్స పూర్తిచేసుకున్న 49 మంది పురీషనాళ క్యాన్సర్ రోగుల ఫలితం చెప్పింది, అందరికీ గడ్డ పోయింది. నా వార్త అబద్ధం కాదు. ఎందరిలో, ఎలాంటివారిలో అన్నది శీర్షిక పక్కన లేకపోవడమే తప్పు. బ్రెజిల్‌లో హబ్ర్-గామా అనే సర్జన్ 2004లో ఇలాంటి లెక్కే ఇచ్చింది: కీమో, కరెంటు అయ్యాక 265 మందిలో 71 మందికి గడ్డ పూర్తిగా పోయినట్టు కనబడితే, కోయకుండా కనిపెట్టి చూశారు. కనిపెట్టి చూడడమంటే ఇంటికి పంపేయడం కాదు, పదేపదే పిలిచి పరీక్షించడం. మన వైపు బస్సెక్కి అన్నిసార్లు రాగలిగేవారెందరో నువ్వే వెళ్లి అడగాలి.

ఆ ప్రత్యేకమైన గడ్డ వెనక ఒక దర్జీ ఆవిడ ఉంది. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పేథాలజిస్టుతో ఆమె, మా ఇంట్లో అందరూ క్యాన్సర్‌తోనే పోయారు, నేనూ అలాగే పోతాను అంది. అలాగే పోయింది. ఆయన ఆ మాటను కొట్టిపారేయకుండా కుటుంబం మొత్తాన్ని రాసిపెట్టుకుని 1913లో అచ్చువేశాడు. అలా వంశంలో నడిచే జబ్బునే ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నారు. ఆ 2022 మందు పనిచేసే గడ్డలు ఇలాంటి కుటుంబాల్లో ఎక్కువగా కనబడతాయి. అందరికీ వంశపారంపర్యం కాదు, అలా రాసి జనాన్ని హడలగొట్టకు. కానీ "మీ ఇంట్లో ఇంకెవరికైనా?" అనే ప్రశ్న నీ పద్నాలుగు పేజీల్లో ఒక్కసారీ రాలేదు.

సర్జన్లను కలిసినప్పుడు ఎన్ని ఆపరేషన్లు చేశారని అడగకు, ఆ అంకె కొత్తపేట ఆసుపత్రుల బోర్డుల మీదే ఉంటుంది. పేగు అతికించినచోట ఎందరికి లీకయింది, ఎందరు మళ్లీ వచ్చారు అని అడుగు. విసుక్కునేవారు కొందరుంటారు. రిజిస్టరు తీసేవారూ ఉంటారు, వాళ్ల దగ్గర కూర్చో. పేథాలజిస్టును మరిచిపోకు. తీసిన పేగులో కనీసం 12 లింఫ్ గ్రంథులు వెతికి చూడాలన్నది వాళ్ల లెక్క. తక్కువ చూసి జబ్బు పాకలేదంటే ఆ మాట మీద నమ్మకం ఉండదు. రోబోకు ఒక్క వాక్యం చాలు.

సంచి గురించి "రోగి మానసికంగా సిద్ధపడాలి" అని రాశావు. ఎవరి సంచి, ఎన్నాళ్ల సంచి? అతుకు మానేదాకా కొన్ని నెలలకు పెట్టేది ఒకటి, జన్మంతా ఉండేది ఒకటి. ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, గుర్తు పెడతారు. పంచె ముడి, చీర కుచ్చిళ్లు వచ్చేచోట పెడితే ఇక అవస్థే. మన మే నెల ఎండలో చెమటకు జిగురు ఊడుతుంది. పెళ్లిలో పంక్తిలో కూర్చోవచ్చా? ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ వస్తుంది సరే (పేరు మారినా జనం నోట ఆ మాటే ఉంది), సంచులు ఎవరు కొనాలి? ఇవి అడగడానికి నీకు సిగ్గుగా ఉంటే, చెప్పడానికి వాళ్లకు ఎంత ఉంటుందో చూసుకో. పేర్లు రాయకు, ఫోటోలు తీయకు, వద్దంటే లేచి వచ్చేయి.

గుంటూరు పెద్దాసుపత్రి ఆవరణలో నాట్కో క్యాన్సర్ కేంద్రం దగ్గర రెండు పూటలు కూర్చున్నానన్నావు. అందులోంచి నువ్వు రాసింది తొమ్మిదో పేజీలో నాలుగు వాక్యాలు. భర్త లోపల ఉంటే వరండాలో ఒకావిడ ఒళ్లో ప్యాకెట్ పెట్టుకుని, మిగిలిన సంచులు ఎన్నున్నాయో రెండుసార్లు లెక్కపెట్టిందని రాశావు. ఆ వెంటనే గణాంకాల్లోకి దూకేశావు. ఎన్ని మిగిలాయి? ఆవిడను అడిగావా? వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టి, ఆదివారం తీసుకుని రా. పదింటి లోపు వస్తే భోజనం ఇక్కడే.

ఆశీస్సులతో,
నీ మాస్టారు