ఎండు మిర్చికి జర్మనీ మార్కెట్: సమాచారం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: నేను గుంటూరులో ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. జర్మనీలో మన ఎండు మిర్చికి ఉన్న మార్కెట్‌పై ప్రాజెక్టు చేస్తున్నాను. ఇంటర్నెట్‌లో వెతికితే వేల డాలర్ల ధర పెట్టిన రిపోర్టులే కనిపిస్తున్నాయి. అవి కొనకుండా పరిశ్రమ, ఉత్పత్తి వివరాలు ఎలా సేకరించాలి? ఈ పని నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: ఆ రిపోర్టుల జోలికి మీరు వెళ్లనక్కరలేదు. వాటి ప్రచారం కోసం విడుదలచేసే ప్రకటనల్లో ‘ఏటా ఇంత శాతం వృద్ధి’ అని ఉంటుందే గాని, ఆ శాతం ఏ లెక్కల మీద కట్టారో ఉండదు కాబట్టి, అటువంటి అంకెను రాసుకుంటే వైవాలో మొదటి ప్రశ్నకే ఇబ్బంది పడతారు.

ముందు మీ సరుకుకు కస్టమ్స్ కోడ్, అంటే కస్టమ్స్ లెక్కల్లో ఆ సరుకును గుర్తించే అంకె ఏమిటో తేల్చుకోండి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హార్మొనైజ్డ్ సిస్టమ్‌లో పొడి చేయని ఎండు మిర్చి 090421 కింద, కారం పొడి 090422 కింద వస్తాయి. ఈ ఆరంకెలు దేశాలన్నిటికీ ఉమ్మడి. ఆ తర్వాతి అంకెలను ఎవరికి కావలసినట్టు వారు చేర్చుకుంటారు. జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం నడిపే ‘ట్రేడ్ మ్యాప్’లో 090421 కొడితే జర్మనీ ఏ దేశం నుంచి ఎంత కొన్నదీ కనిపిస్తుంది. చాలామంది విద్యార్థులు ఆ పట్టికను ప్రాజెక్టులో అతికించి అక్కడితో ఆగిపోతారు. అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే.

ఆ ఆరంకెల కోడ్‌లో మన ఘాటు మిర్చితో పాటు ఘాటు లేని తీపి మిర్చి, అంటే పాప్రికా రకం కూడా కలిసి ఉంటుంది. దానికి స్పెయిన్, పెరూ పెట్టింది పేరు. రెండిటినీ విడదీయాలంటే యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ ఉచితంగా ఇచ్చే ఎనిమిదంకెల లెక్కలకు వెళ్లాలి: 09042110 తీపి మిర్చి, 09042190 మిగతావి. మీకు కావలసింది రెండోది. కారం పొడికి ఈ వెసులుబాటు లేదు, అక్కడ అంతా 09042200 అనే ఒకే పద్దు. అందువల్ల కాయ, పొడి రెండూ పెట్టుకోకుండా ప్రాజెక్టును కాయకే పరిమితం చేయమని నా సలహా.

ఇక మన వాణిజ్య మంత్రిత్వ శాఖ ఎగుమతి లెక్కలను జర్మనీ దిగుమతి లెక్కల పక్కన పెట్టి చూస్తే అవి కలవవు. కంగారు పడవద్దు, కారణాలు వెతకండి. మన వార్షిక లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు, వాళ్లవి జనవరి నుంచి డిసెంబరు వరకు. మనం రాసేది సరుకు ఓడకెక్కించే వరకు అయిన ఎఫ్‌ఓబీ విలువ, వాళ్లు రాసేది రవాణా, బీమా కలిపిన సీఐఎఫ్ విలువ. పైగా నెదర్లాండ్స్ ఓడరేవు రోటర్‌డామ్‌లో దిగి, అక్కడే కస్టమ్స్ దాటి, లారీల్లో జర్మనీ చేరే గుంటూరు మిర్చి జర్మనీ పద్దులో నెదర్లాండ్స్ సరుకుగా కనిపించవచ్చు. అందుకని నెలవారీ లెక్కలు తీసుకుని, విలువను పక్కనపెట్టి కిలోల్లో పోల్చండి. మీ ప్రాజెక్టులో ఎక్కువ పేజీలకు అర్హత ఉన్నది ఈ భాగానికే.

నిబంధనల కోసం యూరోపియన్ కమిషన్ పోర్టల్ ‘యాక్సెస్ టు మార్కెట్స్’ చూడండి. మిర్చిలో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థాల్లో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదన్నది అక్కడి పరిమితి. కల్లంలో సరిగా ఎండని కాయకు బూజు పడితే ఆ పరిమితి దాటడానికి ఎంతోసేపు పట్టదు. ‘రాస్ఫ్’ అనే ఆహార హెచ్చరికల వ్యవస్థలో దేశాన్ని, సరుకును ఎంచుకుంటే, ఏ సరుకుకు ఏ కారణంతో హెచ్చరిక జారీ అయిందో చదవవచ్చు. 2003లో భారత్ నుంచి వెళ్లిన మిర్చి ఉత్పత్తుల్లో ఆహారంలో వాడకూడని సుడాన్ అనే రసాయన రంగు బయటపడ్డాక యూరప్ నియమాలు ఎలా బిగిశాయో కూడా ఒక పేరా రాయండి. కొనుగోలుదారుల ధోరణి తెలియాలంటే వర్ధమాన దేశాల నుంచి దిగుమతులను ప్రోత్సహించే నెదర్లాండ్స్ ప్రభుత్వ సంస్థ సీబీఐ ఉచితంగా ఇచ్చే మసాలా దినుసుల నివేదికలు బాగుంటాయి.

ఇవన్నీ కుర్చీలోంచి లేవకుండా దొరికేవి. అయితే మిర్చి రకాల్లో తేజ ఏదో, 334 ఏదో, బ్యాడిగి ఏదో కస్టమ్స్ కోడ్‌కు తెలియదు. విదేశీ కొనుగోలుదారు రంగును ఆస్టా యూనిట్లలో, ఘాటును స్కోవిల్ యూనిట్లలో అడుగుతాడు. ఏ రకానికి ఎంత వస్తుందో, తొడిమ తీసిన కాయకు, రంగు పోయిన తాలు కాయకు ధరలో తేడా ఎంతో తెలుసుకోవడానికి మీ ఊళ్లోనే మిర్చి యార్డు ఉంది, స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. గుంటూరులో చదువుతూ ఆ గడప తొక్కకుండా ప్రాజెక్టు ముగిస్తే అది మీ నిర్లక్ష్యమే అవుతుంది.

ఉద్యోగం విషయానికి వస్తే, ఎగుమతి సంస్థల్లోనూ, మార్కెట్ రీసెర్చ్ కంపెనీల్లోనూ కొత్తగా చేరినవారికి అప్పగించే పని చాలావరకు ఇదే. కాబట్టి ప్రతి అంకెకూ ఎక్కడిది, ఏ తేదీన తీసుకున్నది, ఏ కోడ్, ఏ కొలమానం అన్న నాలుగు గడులతో ఒక ఎక్సెల్ షీటు ఇప్పటినుంచే నింపుకుంటూ రండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు బైండు చేయించిన రిపోర్టుతో పాటు ఆ షీటు కూడా పట్టుకెళ్లండి.