ఫైల్‌కి పాట పేరు పెట్టకండి, రికార్డు నంబరు పెట్టండి

పాటల కేటలాగ్ డేటాబేస్‌లో ఉంది, ఒక్కో రికార్డునీ, అంటే ఒక్కో రికార్డింగ్ వివరాల్నీ, విడి టెక్స్ట్ ఫైల్‌గా తీయడానికి ఏ టూల్ మంచిది అని అడిగారు. టూల్ ఏదైనా ఒకటేనండీ, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పది లైన్లు రాస్తే పని అయిపోతుంది. అసలు చిక్కంతా ఆ ఫైల్‌కి ఏం పేరు పెడతారన్న దగ్గరే. చేతులు కాలినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

పన్నెండేళ్లు పోగేసిన రికార్డింగుల వివరాలు నాకు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఉండేవి, మొత్తం 4,318 రికార్డులు. ఎవరు పాడారు, పక్కన ఎవరు వాయించారు, ఏ టేపులోంచి తీశాను, ఎక్కడ గరగర ఉంది, అన్నీ. ఒక రాత్రి కూర్చుని, పాట పేరునే ఫైల్ పేరుగా పెట్టి స్క్రిప్ట్ నడిపాను. ఒక్క ఎర్రర్ రాలేదు. హాయిగా పడుకున్నాను. మూడు వారాల తర్వాత ఒక పాట నోట్సు కోసం ఫైల్ తెరిస్తే అందులో వయొలిన్ రికార్డింగ్ వివరాలున్నాయి, నాకు కావలసింది గాత్రం. ఎంత వెతికినా గాత్రం ఫైల్ లేదు. గుండె జారిపోయింది. ఫైళ్లు లెక్కపెడితే 3,706. ఒకే పాట స్టూడియోలో పాడింది, కచేరీలో పాడింది, వాద్యం మీద వాయించింది మూడూ ఉంటే, వెనకొచ్చింది ముందున్నదాన్ని చెరిపేసి ఆ చోట కూర్చుంది. ఫైల్‌ని ‘డబ్ల్యూ’ (w, అంటే రాయడానికి) మోడ్‌లో తెరిస్తే పైథాన్ అడగదు, చెప్పదు. ‘ఎక్స్’ మోడ్‌లో తెరిచి ఉంటే ఆ పేరుతో ఫైల్ ముందే ఉందని అక్కడికక్కడే ఆగిపోయేది. డేటాబేస్ ఇంకా తీసేయలేదు కాబట్టి బతికిపోయాను.

పేరులో ఏటవాలు గీత ఉంటే ఇంకో తంటా, ఏసీ/డీసీ అని బ్యాండు పేరు రాస్తే అదేదో ఫోల్డర్ అనుకుంటుంది. విండోస్‌లో అయితే ప్రశ్నార్థకం, కోలన్ కూడా పనికిరావు. పైగా మన లిపి బరువెక్కువ. లినక్స్‌లో సాధారణంగా ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు, యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా మార్చి దాచే పద్ధతి) ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు పోతాయి. పల్లవి మొదటి లైనంతా పేరుగా పెడితే ఇంకేముంది!

ఇంకోటి, దయచేసి మధ్యలో ఎక్సెల్‌లోకి తీసుకెళ్లకండి. సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌ని) డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ చేస్తే 0745 అన్న కేటలాగ్ నంబరు 745 అయిపోతుంది, పాట నిడివి 3:45 అని ఉంటే దాన్ని మూడు గంటల నలభై ఐదు నిమిషాలుగా చదువుతుంది. అయినా ఎవర్ని అడిగినా ముందు ఎక్సెల్‌లో వేసుకో అనే అంటారు, అదేం సలహానో నాకు అర్థం కాదు.

రికార్డు ఐడీకే ముందు సున్నాలు చేర్చి 00412 లాగా ఫైల్ పేరు పెట్టండి, పాట పేరు ఫైల్ లోపల మొదటి లైన్లో ఉండనివ్వండి. యూటీఎఫ్-8 అని స్క్రిప్ట్‌లో స్పష్టంగా రాయండి. అయ్యాక రికార్డులెన్ని, ఫైళ్లెన్ని అని సరిచూడండి. రెండోసారి నాకు 4,318కి 4,318 వచ్చాయి, అయినా ఆ గాత్రం ఫైల్ తెరిచి, ‘రెండో చరణం దగ్గర టేపు సాగింది’ అని నేను రాసుకున్న లైను కళ్లారా చూసేదాకా టెన్షన్ తగ్గలేదు.