చర్చా బృందం మొదలుపెడుతున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

నాయకత్వం, వ్యక్తిత్వం అనే విషయాల మీద మీ కాలేజీలో ప్రతి శనివారం ఒక చర్చా బృందాన్ని నడపబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి గర్వంగానూ ఉంది, దిగులుగానూ ఉంది. 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలసిన హనుమకొండలో పదిమంది కూర్చొని మాట్లాడుకోవడం కొత్త సంగతేమీ కాదు. అయితే మీరు చర్చించబోయేది మనుషుల నడవడిని కనుక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ప్రిన్సిపాల్ గారి అనుమతిని కాగితం మీద తీసుకో. అధ్యక్షత వారం వారం మారనివ్వు. ఫోన్లలో ఎవరి మాటలూ రికార్డు చేయనివ్వకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా సీనియర్ ఒకతను ఇటువంటి బృందాన్నే పెట్టాడు. బాగా చదివేవాడు, బాగా మాట్లాడేవాడు, మనసు కూడా మంచిదే. ఒక వారం చర్చకు నిజాయితీ అనే విషయం వచ్చింది. ఆ నెల అబ్బాయిల హాస్టల్ మెస్ లెక్కలో కొంత డబ్బు తక్కువ పడింది, లెక్క రాసే విద్యార్థి తండ్రికి ఒంట్లో బాగాలేదని ఊరికి వెళ్ళి ఉన్నాడు. ‘పేరు వద్దు, మనకు తెలిసిన ఒకరి సంగతే ఉదాహరణగా తీసుకుందాం’ అన్నాడు మా సీనియర్. పేరు చెప్పవలసిన అవసరం ఎవరికుంది? తలా ఒక మాట వేశారు. అతను ఈ మధ్య కొత్త చెప్పులు కొన్నాడని ఒకరికి గుర్తుకొచ్చింది, అడిగినప్పుడు పుస్తకం వెంటనే చూపలేదని మరొకరికి గుర్తుకొచ్చింది. గంట తిరిగేసరికి లేని మనిషి మీద తీర్పు అయిపోయింది. అతను ఊరి నుంచి వచ్చాక మెస్‌లో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. కూరగాయల రసీదు ఒకటి తరువాతి నెల పేజీలో దొరికి లెక్క సరిపోయేనాటికి అతను టీసీ తీసుకొని వెళ్ళిపోయాడు. మా సీనియర్ వాళ్ళ ఊరికి వెళ్ళి క్షమాపణ అడిగాడు, కానీ అతను చదువుకు తిరిగి రాలేదు.

అక్కడ అబద్ధం ఆడినవారు ఒక్కరూ లేరు బిడ్డా, అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. అందరూ నిజాయితీ గురించి శ్రద్ధగా ఆలోచిస్తున్నామనే అనుకున్నారు. నీకు చిన్నప్పటి నుంచీ తప్పు కనబడితే నలుగురిలో అనేసే అలవాటు ఉంది. ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. కోపం తెచ్చుకోకు, అన్యాయం చూసి ఊరుకోలేని ఆ గుణాన్ని చూసే నీ మీద నాకింత నమ్మకం. కానీ ఆ గదిలో లేనివారి ఊసు ఎవరు ఎత్తినా, అది ఎంత పొగడ్తగా మొదలైనా, వెంటనే ఆపించు.

ఉదాహరణలకు మనకు కొదవ లేదు. 1938లో వందేమాతరం పాడినందుకు నిజాం రాజ్యంలో విద్యార్థులను బహిష్కరించినప్పుడు వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది, మన పి.వి. నరసింహారావు గారు కూడా అలా అక్కడికి వెళ్ళి చదువుకున్నవారే. పాడినవారి ధైర్యం అందరికీ కనబడుతుంది. వారిని చేర్చుకోవడానికి ఒప్పుకున్నవారి ధైర్యం ఎటువంటిది, పాడాలని ఉన్నా ఇంట్లో పరిస్థితి తలచుకొని ఊరుకున్న విద్యార్థిని పిరికివాడనవచ్చునా, కొడుకు చదువు ఆగిపోయిన తండ్రి ఏమి చేయాలి అని అడిగి చూడు. మాట్లాడని పిల్లలు కూడా అప్పుడు నోరు విప్పుతారు, ఎవరి మనసూ గాయపడదు. సొంత అనుభవం చెప్పాలనుకున్నవారు తమంతట తాము చెప్పాలి, వంతు పెట్టి ఎవరినీ అడగవద్దు.

ఇంకొకటి, చర్చ ఎంత రసవత్తరంగా సాగుతున్నా నాలుగున్నరకు ముగించు. పరకాల, నర్సంపేట బస్సులు అందుకోవలసిన పిల్లలు మధ్యలో లేచి వెళ్ళిపోతే, మిగిలిన హాస్టల్ వాళ్ళే వచ్చేవారం సంగతులన్నీ నిర్ణయించేస్తారు, వెళ్ళినవాళ్ళు మెల్లగా రావడమే మానేస్తారు. మొదటి శనివారానికి ఏ విషయం అనుకున్నావో ఫోన్ చేసి చెప్పు, మధ్యాహ్నం తిని మరీ వెళ్ళు.

నీ పెద్దమ్మ
హనుమకొండ