మీరు అడిగారు: ఫోన్‌కు లావు బ్యాటరీ వేయించాలా, మామూలుదే చాలునా?

ప్రశ్న: నేను మందుల కంపెనీ ప్రతినిధిని. హనుమకొండ నుంచి పరకాల, భూపాలపల్లి మీదుగా కాటారం, మహదేవపూర్ దాకా బండి మీద తిరుగుతాను. నాది వెనుక మూత ఊడదీసే ఫోన్, బ్యాటరీ 3000 ఎంఏహెచ్. కొన్న కొత్తలో రాత్రి దాకా నిలిచిన చార్జింగ్ ఇప్పుడు మధ్యాహ్నం భోజనం వేళకే అయిపోతోంది. దుకాణంలో మూడు బ్యాటరీలు చూపించారు. మొదటిది కంపెనీది. రెండవది అదే సైజులో ఉండి, పైన 6000 ఎంఏహెచ్ అని రాసి, కంపెనీదానికంటే చవకగా ఇస్తున్నది. మూడవది ఉబ్బెత్తు మూతతో కలిపి అమ్మే లావు బ్యాటరీ, దాని మీద కూడా 6000 అనే ఉంది. వీటిలో ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండవదాన్ని ముందుగా పక్కన పెట్టండి. లిథియం అయాన్ బ్యాటరీలో శక్తిని దాచుకునేది లోపల చుట్టి పెట్టిన పదార్థమే కాబట్టి, శక్తి రెట్టింపు కావాలంటే ఆ పదార్థమూ, దానితో పాటు మందమూ బరువూ ఇంచుమించు రెట్టింపు కావలసిందే. మంచి రకం బ్యాటరీలో కిలో బరువుకు సుమారు 250 వాట్ అవర్ల శక్తి పడుతుంది. మీ 3000 ఎంఏహెచ్‌ను బ్యాటరీ మామూలు వోల్టేజి 3.8 వోల్టులతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే 11.4 వాట్ అవర్లు వస్తుంది. అంటే దాని బరువు 45 గ్రాములకు అటూ ఇటూగా ఉండాలి. నిజమైన 6000 ఎంఏహెచ్ అయితే 90 గ్రాముల దగ్గర తూగాలి.

ఈ లెక్క నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. రెండేళ్ల కిందట ఇలాంటి ‘డబుల్’ బ్యాటరీ ఒకటి కొని, అది సాయంత్రం దాకా కూడా రాకపోయేసరికి అనుమానమొచ్చి, మా వీధిలోని అవుసలాయన దగ్గరకు తీసుకుపోయాను. బంగారం తూచే త్రాసు మీద పాత కంపెనీ బ్యాటరీ 47 గ్రాములు తూగింది, కొత్తది 38. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “గిదేంది సారూ, సొమ్ము తక్కువుంది, ముద్ర మాత్రం పెద్దగ కొట్టిండ్రు” అన్నారు. ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను.

ఇక లావు బ్యాటరీ. త్రాసు మీద నిలిస్తే అది చెప్పేది నిజమే, రోజంతా వస్తుంది కూడా. అయితే కొత్త మూతతో ఫోన్ మందం పెరుగుతుంది కాబట్టి పాత పౌచ్ పట్టదు, బండి హ్యాండిల్‌కు బిగించిన స్టాండ్‌లో ఇమడదు, చొక్కా జేబు వేలాడుతుంది. పాత చార్జర్‌తో మూడున్నర గంటల్లో నిండేది ఏడు గంటలు తీసుకుంటుంది. కొన్ని సామ్‌సంగ్ నమూనాలలో, ఉదాహరణకు గెలాక్సీ ఎస్4, ఎస్5లలో, ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్‌ను దగ్గరగా ఆనిస్తే మరో పరికరంతో వైరు లేకుండా కలిసే సదుపాయం) యాంటెన్నాను బ్యాటరీ మీదే అతికించారు. ఆ యాంటెన్నా లేని బ్యాటరీ వేస్తే ఆ సదుపాయం పోతుంది. ఫోన్ మాత్రం తనలో ఇంకా 3000 ఎంఏహెచ్ బ్యాటరీయే ఉందని లెక్క కడుతూ ఉండవచ్చు. అప్పుడు ఒక శాతం చూపిస్తూనే గంటల తరబడి నడవడం, ఉన్నట్టుండి అంకె ఎగిరి దూకడం జరుగుతాయి. దీన్ని చూసి బ్యాటరీ పాడైందనుకుని దుకాణం చుట్టూ తిరిగేవారున్నారు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది చూడనిది, చార్జింగ్ వోల్టేజి హద్దు. బ్యాటరీ మీద సన్నని అక్షరాలలో మామూలు వోల్టేజితో పాటు ఈ హద్దు కూడా ముద్రించి ఉంటుంది. పాత రకాలకు అది 4.2 వోల్టులు, తర్వాత వచ్చినవాటికి 4.35 లేదా 4.4. ఫోన్ 4.4 దాకా నింపేదై, మీరు వేసిన బ్యాటరీ 4.2కే ఆగవలసినదైతే, ప్రతి రాత్రీ దానికి మోతాదు మించి పెట్టినట్టే. కొద్ది నెలలలో ఉబ్బుతుంది, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంటుంది. పాత బ్యాటరీని వెంట తీసుకుపోయి, రెండింటి మీది అంకెలు పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బు ఇవ్వండి.

తయారీ తేదీ కూడా చూడండి. వాడకుండా పెట్టినా బ్యాటరీ ముసలిదవుతుంది, వేడిలో ఇంకా త్వరగా అవుతుంది. రేకుల కప్పు కింద నాలుగు వేసవులు గడిపిన బ్యాటరీని సీలు విప్పనంత మాత్రాన కొత్తది అనలేము. మన దేశంలో అమ్మే ఇలాంటి బ్యాటరీ మీద ఐఎస్ 16046 అనే ప్రమాణం, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరున ఉన్నదో తెలుస్తుంది.

మీకు నా సలహా: కంపెనీ బ్యాటరీలే రెండు తీసుకోండి. ఒకటి ఫోన్‌లో ఉంటుంది, రెండవది సంచిలో. మూత తీసి మార్చడానికి నిమిషం పట్టదు. మూత ఊడే ఫోన్ ఇచ్చే సుఖం ఇదే, దాన్ని లావు మూత కింద పాతిపెట్టడం ఎందుకు? సంచిలోని బ్యాటరీని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. దాని ఇత్తడి రంగు కొసలకు తాళంచెవులో చిల్లర నాణేలో తగిలితే షార్ట్ అవుతుంది. రెండు దొరకకపోతే ఒకటి కొని, 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ పెట్టుకోండి. పవర్ బ్యాంక్ మీది అంకె లోపలి బ్యాటరీది, బయటకు వచ్చేది ఇంకా తక్కువ కాబట్టి మీ ఫోన్‌ను మూడుసార్లు కాదు, రెండుసార్లు నింపుతుంది.

ఒక్క మాట, తప్పంతా బ్యాటరీది కాకపోవచ్చు. భూపాలపల్లి దాటాక అడవిలో సిగ్నల్ అందని చోట ఫోన్ టవర్ కోసం ఎక్కువ శక్తితో వెతుకుతూనే ఉంటుంది. మేడారం జాతరకు పోయినవారికి ఇది అనుభవమే, మాట్లాడకుండానే సగం చార్జింగ్ పోతుంది. సిగ్నల్ లేని ఆ దూరమంతా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి ఒక రోజు చూసి, ఆ తర్వాత దుకాణానికి వెళ్లండి.

ప్రశ్న: మా ఫోన్‌కు మూత ఊడదు. 5000 తీసేసి 7000 ఎంఏహెచ్ వేస్తామని రిపేరు షాపువాళ్లు అంటున్నారు. వేయించవచ్చునా?
– ఒక పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: వద్దమ్మా. లోపలి చోటు అదే అయినప్పుడు 7000 ఎక్కడి నుంచి వస్తుంది? కొత్త ఫోన్లలో సిలికాన్ కార్బన్ రకం బ్యాటరీలు తక్కువ చోటులో ఎక్కువ పట్టుకుంటున్న మాట నిజమే. కానీ వాటి వోల్టేజి తీరు వేరు, వాటిని వాటి కోసం తయారైన ఫోన్లలోనే వాడాలి. మీ ఫోన్‌కు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అదే 5000 వేయించండి. విప్పిన తర్వాత నీళ్లు చొరకుండా ఉండే జిగురు కొత్తగా వేస్తారో లేదో ముందే అడగండి.

ప్రశ్న: బ్యాటరీ ఉబ్బి ఫోన్ వెనుక మూత లేచింది. నొక్కి పెడితే సరిపోతోంది. అలాగే వాడవచ్చునా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: నొక్కకండి, చార్జింగ్ పెట్టకండి, ఈ పూటే ఫోన్ ఆపేయండి. లోపల పుట్టిన వాయువుతో అది ఉబ్బింది, పొర చిట్లితే మంట లేస్తుంది. మూత తానుగా ఊడి వస్తే సరే, లేకుంటే ఫోన్‌తో సహా రిపేరు చేసేవారి చేతికివ్వండి. తీసిన బ్యాటరీని చెత్తబండిలో వేయడం తగదు, దాని మీద కొట్టివేసిన చెత్తబుట్ట గుర్తు ఉండేది అందుకే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయేదాకా ఇసుక పోసిన పాత డబ్బాలో పెట్టి, పిల్లలకు అందకుండా ఇంటి బయట నీడలో ఉంచండి.