ఒడియా కాగితం

పర్లాకిమిడి, ఒడిశా

అమ్మలూ,

మీ పొదుపు గ్రూపు ఆడవాళ్లంతా కలిసి చోడిపిండి, అదే రాగిపిండి మర పెడుతున్నారని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న ఆహార తయారీ యూనిట్లకని 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ కింద దరఖాస్తు పెడుతున్నారట కదా. ఖర్చులో 35 శాతం సబ్సిడీ, కనీసం 10 శాతం మీ డబ్బు, మిగిలింది బ్యాంకు అప్పు. ఆ సబ్సిడీ చేతికి రాదే పిల్లా. 3 ఏళ్లు బ్యాంకులోనే ఉంటుంది. వాయిదాలు సరిగ్గా కడితేనే అప్పుకి జమ. త్రీఫేజు కరెంటుందో లేదో ముందే కనుక్కో. 2017లో చిరుధాన్యాల మిషన్ మన గజపతి జిల్లాకి వచ్చాక చోళ్లు మద్దతు ధరకి సర్కారే కొంటోంది. అంతకన్నా తక్కువిస్తే మీ మరకి చోళ్లు ఎవరు పోస్తారు? మీటింగులు, పద్దు పుస్తకం గురించి నీకు నేను చెప్పాలా.

నా భయం వేరే. 2001లో ఆడవాళ్ల పొదుపు గ్రూపుల కోసం ఒడిశా సర్కారు మిషన్ శక్తి తెచ్చాక మా వీధిలోనూ గ్రూపు కట్టి, చదువొచ్చని నన్ను సెక్రటరీని చేశారు. నాకొచ్చింది తెలుగు చదువే. ఒడియా మాట్లాడతాను గానీ అక్షరం రాదు. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. చింతపండు అచ్చులు కట్టే మిషనుకి అప్పు తీసుకున్నాం. అమ్మినవాడు ఒడియా కాగితం తెచ్చి "మామూలు రసీదే మౌసీ" అన్నాడు. చదివినట్టు పైనుంచి కిందికి కళ్లు తిప్పి సంతకం పెట్టేశాను. నన్ను చూసి మిగతావాళ్లు వేలిముద్రలు వేశారు. మిషను బిగించి నడిపి చూపించారని అందులో ఉందట! మిషనైతే వచ్చింది, మోటారు రాలేదు. బ్యాంకు మాత్రం అతనికి డబ్బంతా ఇచ్చేసింది.

నాలుగేళ్లు కట్టాం ఆ అప్పు. పక్కింటామె చెవిపోగులు అమ్మి తన వాటా కట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పటికీ ఆమె చెవుల వైపు చూడలేను.

నిన్ను ఒడియా బడిలో వేస్తే తెలుగు మర్చిపోతావని మీ అమ్మతో దెబ్బలాడాను, గుర్తుందా? నాదే బుద్ధి తక్కువ. ఆ చదువే ఇప్పుడు అక్కరకొస్తుంది. ఏ కాగితమైనా అందరి ముందూ గట్టిగా చదువు. తెలుగులో చెప్పు, సవర ఆడవాళ్లుంటే వాళ్ల మాటలో చెప్పించు. తర్వాతే వేలిముద్ర. ఆఫీసరు తొందరపడితే పడనీ, ఆయన బస్సు పోతే పోనీ.

వేళకి తిను. మర ఆడాక మొదటి పిండి రెండు కిలోలు పంపు. ఒకటి నాకు అంబలికి. రెండోది పక్కింటికి నేనే పట్టుకెళ్తాను.

మీ పెద్దమ్మ