బండి మీద ఒక్క పిల్లాడు

ప్రశ్న: మాది కావలి. ఆదివారాలు మా యువజన సంఘం తరఫున పిల్లలకు కబడ్డీ నేర్పిస్తుంటాం. వచ్చే నెల మైపాడు బీచ్ దగ్గర రెండు రోజుల క్యాంపు పెట్టుకున్నాం. మాలో ఒక సీనియర్ ఈ మధ్య ఏడో తరగతి పిల్లాణ్ణి తన బండి మీదే ఇంటికి దించుతున్నాడు. రాత్రిపూట వాడికి వాట్సాప్‌లో మెసేజ్‌లు కూడా పెడుతున్నాడు. మనిషి చాలా మంచివాడని పేరు. అడిగితే అనుమానించినట్టుంటుంది, ఊరుకుంటే నాకు టెన్షన్. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: ఆయన మంచివాడా కాదా అన్నది మీరు తేల్చాల్సిన పని కాదు బాబూ. ముందు ఆ పిల్లాడి అమ్మానాన్నలతో ఇవాళే మాట్లాడండి. "రాత్రిళ్లు మెసేజ్‌లు వస్తున్నాయి, మీకు తెలుసా?" అని అడిగితే చాలు, ఇంకేం కలపొద్దు.

తర్వాత సంఘం మీటింగులో ఎవరి పేరూ ఎత్తకుండా చెప్పండి: ఒక్క పిల్లాణ్ణి ఎవరూ బండెక్కించుకోకూడదు, మెసేజ్ ఏదైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టాలి. "నాతో సహా" అన్న మాట మరిచిపోకండి. ఒంగోలులో గైడ్స్ పిల్లల్ని క్యాంపులకు తీసుకెళ్లే రోజుల్లో, అర్ధరాత్రి ఏ పిల్లకు జ్వరమొచ్చినా ఇంకో టీచర్ని లేపి వెంటబెట్టుకునే గుడారంలోకి వెళ్లేదాన్ని. "మీరు నిద్రపోరు, నన్ను పోనివ్వరు" అని ఆవిడ సణిగేది. సణిగినా లేచొచ్చేది. రూలు అందరికీ అన్నప్పుడు ఎవరికీ అవమానం ఉండదు. "నా సంగతి వేరు" అని ఎవరైనా అడ్డుపడితే మాత్రం, ఆ మనిషికి పిల్లల బాధ్యత ఇవ్వకండి.

మగపిల్లాడే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లలపై లైంగిక నేరాల్ని అరికట్టే 2012 నాటి పోక్సో చట్టానికి ఆడా మగా తేడా లేదు, 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే. లైంగిక ఉద్దేశంతో ఫోన్లో పదే పదే పలకరించడం కూడా అందులో నేరమే.

పిల్లాడు నోరు విప్పి ఏదైనా చెబితే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పంచాయితీ చేయకండి. ఆయన్ని పిలిపించి ఎదురెదురుగా అడగడం అసలే వద్దు. వాడు చెప్పింది చెప్పినట్టు వినండి, నేరుగా పోలీసులకు చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. సంస్థను నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచితే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. సంఘం పరువు పోతుందని గొణిగేవాళ్లకు ఈ మాట వినిపించండి. మంచి ఉద్దేశంతో ఫిర్యాదు చేసినవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది, భయపడకండి.

ఇక మైపాడు. పెద్దలు పడుకునే గది వేరు, పిల్లల గది వేరు. సముద్ర స్నానం తర్వాత పిల్లలు బట్టలు మార్చుకునేచోట ఫోన్లు తీయనివ్వకండి. ఆడపిల్లలు వస్తుంటే ఇద్దరు ఆడవాళ్లు వెంట ఉండాల్సిందే. ఫారంలో నాన్న నంబరొక్కటే కాదు, అమ్మ నంబరు కూడా రాయించుకోండి. సంతకం లేని పిల్లాణ్ణి బస్సెక్కించకండి.